అలర్జీకి రక్త పరీక్ష: ఏది, ఎప్పుడు చేయించాలి, రిపోర్టు ఎలా చదవాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి, ఏ పట్నంలో ల్యాబుకు వెళ్లినా ఇప్పుడు 'అలర్జీ ప్యానెల్' దొరుకుతుంది. రక్తం ఇక్కడ తీస్తారు, శాంపిల్ చాలావరకు హైదరాబాద్ వెళ్తుంది, కొద్ది రోజుల్లో రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. అందులో గోధుమ, పాలు, రొయ్య, వంకాయ, శనగ అంటూ పది పదిహేను పేర్ల పక్కన పాజిటివ్ అని ఉంటుంది. ఆ కాగితం చూసి పిల్లలకు పాలు, గుడ్డు, పప్పు అన్నీ మాన్పించిన ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్ల బరువు తగ్గుతుంది తప్ప దురద తగ్గదు.

రక్త పరీక్ష కొలిచేది ఐజీఈ అనే యాంటీబాడీని, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ తయారు చేసే ఒక ప్రొటీన్‌ను. దీన్ని 1960ల చివర్లో గుర్తించారు. ఒక పదార్థానికి ఐజీఈ తయారై ఉండటం వేరు, ఆ పదార్థం తిన్నప్పుడో పీల్చినప్పుడో ఒంటికి బాధ కలగడం వేరు. మొదటిదాన్ని డాక్టర్లు సెన్సిటైజేషన్ అంటారు, రెండోదే అలర్జీ. మొదటిది ఉండి రెండోది లేనివాళ్లు ఎంతోమంది. అందుకే ముందు అనుమానం ఉండాలి, ఆ తర్వాతే పరీక్ష. కింది అడుగులన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

మొదటి అడుగు: ఇది రక్తంలో దొరికే రకమేనా?

ఐజీఈ అలర్జీకి తొందరెక్కువ. తిన్న కొన్ని నిమిషాల నుంచి 2 గంటల లోపు పెదాలు వాయడం, దద్దుర్లు, వాంతి, గొంతు పట్టేసినట్టు ఉండటం, దగ్గు, పిల్లికూతలు కనిపిస్తాయి. దుమ్ము, పుప్పొడి అయితే తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, ఆయాసం. తేనెటీగ, కందిరీగ కుట్టినప్పుడు కుట్టిన చోటే కాకుండా ఒళ్లంతా దద్దుర్లు రావడం, కళ్లు తిరగడం. ఇలాంటివాటికే ఐజీఈ పరీక్ష పనికొస్తుంది.

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కొన్ని బాధలకు ఈ పరీక్ష అస్సలు పనికిరాదు. ఇవి ముందే తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది.

వయ్యారిభామ మొక్క, అంటే పార్థీనియం. పొలం గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో పెరిగే ఈ మొక్క వల్ల ముఖం, మెడ, మోచేతి మడతలు నల్లబడి, మందంగా మారి, పగుళ్లు వచ్చే ఎగ్జిమా (దురదతో కూడిన చర్మవ్యాధి) ప్రధానంగా టి కణాలు అనే ఒక రకం తెల్ల రక్తకణాల వల్ల వస్తుంది, ఐజీఈ వల్ల కాదు. తాకిన ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. రక్తంలో పార్థీనియం ఐజీఈ నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఆ మొక్కకు సంబంధం లేదని అనుకోవద్దు. దీనికి చేయాల్సింది ప్యాచ్ టెస్ట్: వీపు మీద పట్టీలు అంటించి 48 గంటలకు తీసి, 48, 96 గంటలకు చూస్తారు. అదే మొక్క పుప్పొడితో తుమ్ములు వచ్చేవాళ్లకు మాత్రం ఐజీఈ పరీక్ష ఉపయోగమే.

సిమెంటు పనిచేసేవాళ్ల చేతుల పగుళ్లు కూడా ఇదే కోవ. సిమెంటులో ఉండే క్రోమేటు దీనికి కారణం. పాలమూరు నుంచి భవన నిర్మాణానికి వలసపోయే మేస్త్రీలు, కూలీల్లో ఈ బాధ ఉంటే అడగాల్సింది ప్యాచ్ టెస్టే.

జిన్నింగ్ మిల్లుల్లో పత్తి దుమ్ముకు, ముఖ్యంగా సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం బిస్సినోసిస్ లక్షణం. దీన్ని ఐజీఈ తేల్చదు, ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీ తేలుస్తుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు మాత్రమే ఉంటే అది చాలావరకు లాక్టోజ్ అరగకపోవడం. నొప్పి మాత్రలకు ముఖం వాయడం కూడా ఎక్కువసార్లు ఐజీఈతో సంబంధం లేనిదే.

ఇక 6 వారాలు దాటి రోజూ వచ్చిపోయే దద్దుర్లు. దీర్ఘకాలిక అర్టికేరియా అనే ఈ బాధకు తిండి కారణం కావడం అరుదు. అయినా ఫుడ్ ప్యానెళ్లు ఎక్కువగా అమ్ముడుపోయేది వీళ్లకే. వీళ్లకు మొదట సీబీపీ (రక్తకణాల లెక్క), ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ చాలు. ఆపైన స్పెషలిస్టు అవసరమనుకుంటే మొత్తం ఐజీఈ, థైరాయిడ్ యాంటీబాడీ చూస్తారు.

రెండో అడుగు: కాగితం మీద పెట్టడం

కనీసం రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి. బాధ ఎన్ని గంటలకు మొదలైంది, దానికి ముందు 4 గంటల్లో ఏం తిన్నారు, ఎక్కడున్నారు, ఏం పనిచేశారు, ఏ మాత్ర వేసుకున్నారు, ఎంతసేపటికి తగ్గింది. దద్దుర్లు ఉన్నప్పుడే ఫోన్‌తో ఫొటో తీయండి, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి అవి మాయమవుతాయి.

తిండి గురించి రాసేటప్పుడు వంటకం పేరుతో ఆపకుండా అందులో పడ్డవన్నీ రాయాలి. పల్లీలు చట్నీలోనే కాదు, సర్వపిండిలో, పులిహోరలో, మసాలా కూరల్లో ఉంటాయి. సకినాల్లో నువ్వులుంటాయి. మిర్చి బజ్జీలో శనగపిండి ఉంటుంది. నూనె కూడా చూడాలి: రిఫైన్డ్ పల్లి నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు, గానుగ నూనెలో మిగిలి ఉంటుంది. రిఫైన్డ్ నూనెతో ఏమీ కాని మనిషికి గానుగ నూనె వంటతో దద్దుర్లు వచ్చాయంటే అది గట్టి ఆధారం.

పీల్చేవాటికి చోటు, కాలం ముఖ్యం. పరుపు మీద నుంచి లేవగానే తుమ్ములైతే ఇంటి దుమ్ము పురుగులను అనుమానించాలి. బైట చెరువు కట్ట మీద, సర్కారు తుమ్మ చెట్లు పూసినప్పుడు ఎక్కువైతే పుప్పొడిని. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్లకు వడ్ల దుమ్ముతోపాటు అందులోని బూజు, ధాన్యం నిల్వల్లో పెరిగే మైట్స్ కూడా ఉంటాయి. ఆముదం గింజలు, ఆముదం పిండి ఎరువు పట్టుకునే చోట తుమ్ములు, ఆయాసం వస్తే ఆ మాట తప్పక చెప్పాలి, ఆముదం గింజ చాలా బలమైన అలర్జెన్ (అలర్జీ తెప్పించే పదార్థం), మామూలు ప్యానెల్‌లో ఉండదు.

మూడో అడుగు: చవకైన పరీక్షలు ముందు

సీబీపీలో ఇసినోఫిల్స్ అనే తెల్ల కణాల శాతం ఉంటుంది. శాతం చూసి ఆగొద్దు, అసలు సంఖ్య లెక్కగట్టాలి. మొత్తం తెల్ల కణాలు 9,000, ఇసినోఫిల్స్ 8 శాతం అయితే 9,000 × 8 ÷ 100 = 720. మామూలుగా 500 లోపు ఉండాలి. 720 అలర్జీలోనూ ఉండొచ్చు, కడుపులో పురుగుల వల్లా ఉండొచ్చు. 1,500 దాటితే మామూలు అలర్జీ అని సరిపెట్టుకోకుండా వేరే కారణం వెతకాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర దురద తగ్గడానికి వేయించుకునే సూదిలో స్టెరాయిడ్ ఉంటే గంటల్లోనే ఇసినోఫిల్స్ పడిపోతాయి. మర్నాడు సీబీపీ చేస్తే సున్నా రావచ్చు. సూది వేయించుకున్నారా లేదా అన్నది డాక్టర్‌కు చెప్పకపోతే ఆ సున్నా అందరినీ తప్పుదారి పట్టిస్తుంది.

మొత్తం ఐజీఈ పెద్దవాళ్లలో సుమారు 100 ఐయూ/ఎంఎల్ దాకా మామూలు అని ల్యాబులు రాస్తాయి. పిల్లలకు వయసును బట్టి హద్దు మారుతుంది. ఇది ఎక్కువుంటే అలర్జీ ఉందని కాదు, తక్కువుంటే లేదని కాదు. మన దగ్గర దీన్ని పెంచే పెద్ద కారణం నులిపురుగులు. అందుకే మొత్తం ఐజీఈ చూసే ముందు మలపరీక్ష చేయించడం, డాక్టర్ చెబితే ఆల్బెండజోల్ 400 మి.గ్రా. వేసుకోవడం మంచిది (1 నుంచి 2 ఏళ్ల పిల్లలకు 200). పురుగులు పోయిన వెంటనే ఐజీఈ దిగదు, నెలలు పడుతుంది. వారానికే మళ్లీ పరీక్ష చేయించి "మందు పనిచేయలేదు" అనుకోవద్దు.

ఇంకొకటి ఉంది, దీన్ని ఈ జిల్లాల్లో మర్చిపోకూడదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ బోదకాలు ఉన్న ప్రాంతాలు. బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిములకు ఊపిరితిత్తులు అతిగా స్పందిస్తే రాత్రిళ్లు విడవని పొడి దగ్గు, పిల్లికూతలు, సన్నటి జ్వరం, బరువు తగ్గడం వస్తాయి. చూడ్డానికి అచ్చం ఆస్తమా. ఇన్‌హేలర్ వాడినా తగ్గదు. ఇసినోఫిల్స్ సాధారణంగా 3,000 దాటుతాయి, మొత్తం ఐజీఈ 1,000 దాటుతుంది. రాత్రి తీసిన రక్తంలో కూడా ఆ సూక్ష్మ క్రిమి కనపడకపోవచ్చు, అందుకని ఫైలేరియా యాంటీబాడీ చూస్తారు. దీనికి మందు డైఇథైల్ కార్బమజీన్, కిలోకు రోజుకు 6 మి.గ్రా. చొప్పున 3 వారాలు, డాక్టర్ పర్యవేక్షణలో. ఈ మనిషికి దుమ్ము ప్యానెల్ చేయిస్తే ఏదో ఒకటి పాజిటివ్ వస్తుంది, అసలు జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది.

సీబీపీ, మలపరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లోనే చేయించుకోవచ్చు. ఆపైన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో ఛాతీ, చర్మ విభాగాలున్నాయి. భువనగిరి వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర.

నాలుగో అడుగు: స్పెసిఫిక్ ఐజీఈ ఎంచుకోవడం

అనుమానం ఉన్న ఒక్కో పదార్థానికి విడిగా చేసే పరీక్ష ఇది. ఇమ్యునోక్యాప్ లాంటి పద్ధతిలో ఒక్కో అలర్జెన్‌కు అంకెల్లో ఫలితం వస్తుంది. ప్యానెల్ పరీక్షల్లో ఎక్కువ శాతం కాగితపు పట్టీ మీద గీతల రంగును బట్టి అంచనా వేసేవి, వరసగా ఎన్నో పేర్లు చూపిస్తాయి కానీ ఖచ్చితత్వం తక్కువ. డబ్బు ఒకటే అయినప్పుడు 60 పేర్ల ప్యానెల్ కన్నా సరిగ్గా ఎంచుకున్న 4, 5 విడి పరీక్షలే మేలు.

ప్యానెల్ తప్పదంటే జాబితా ముందే అడిగి చూడండి. బర్చ్, టిమోతీ గడ్డి, హేజెల్‌నట్, కాడ్ చేప ఉన్నదంటే అది ఐరోపా వాళ్లకు తయారు చేసింది. మనకు కావాల్సినవి: రెండు రకాల ఇంటి దుమ్ము పురుగులు (డెర్మటోఫాగాయిడిస్ టెరోనిసైనస్, ఫారినే), బ్లోమియా ట్రాపికాలిస్ అనే ఇంకో దుమ్ము పురుగు, బొద్దింక, సర్కారు తుమ్మ పుప్పొడి, పార్థీనియం పుప్పొడి, గరిక, ఆస్పర్జిల్లస్, ఆల్టర్నేరియా బూజులు. ప్యానెల్‌లో ఉన్న టిమోతీ గడ్డి నెగెటివ్ వస్తే గరిక కూడా నెగెటివ్ అనుకోవద్దు, రెండింటి పుప్పొడి ప్రొటీన్లు బాగా వేరు.

చేపల విషయంలోనూ ఇంతే. సాగర్ నుంచి వచ్చే రవ్వ, బొచ్చె తిని దద్దుర్లు వచ్చినవాళ్లకు కాడ్ పరీక్ష చేస్తారు. చేపలన్నింటిలో ఉండే పార్వాల్బుమిన్ అనే ప్రొటీన్ వల్ల చాలాసార్లు పట్టుకుంటుంది, కొన్నిసార్లు తప్పిపోతుంది. అలాంటప్పుడు అలర్జీ క్లినిక్‌లో అదే చేప ముక్కను గుచ్చిన సూదితో చర్మాన్ని గుచ్చి చూస్తారు.

కల్లు గీసేవాళ్లకు, తేనె తీసేవాళ్లకు ఒళ్లంతా రియాక్షన్ వచ్చి ఉంటే తేనెటీగ విషం, కందిరీగ విషం రెండూ చేయించాలి, ఏది కుట్టిందో చూసుకునే టైం చెట్టు మీద ఉండదు. కుట్టిన వెంటనే చేస్తే తప్పుడు నెగెటివ్ రావచ్చు. 4 నుంచి 6 వారాలు ఆగి చేయించాలి.

ఐజీజీ, ఐజీజీ4 పేరుతో 'ఫుడ్ ఇంటాలరెన్స్' పరీక్షలు అమ్ముతుంటారు. వాటికి డబ్బు పెట్టకండి. మనం తిన్న ఆహారానికి ఐజీజీ తయారవడం సహజం. ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే వీటిని రోగనిర్ధారణకు వాడొద్దని చెప్పింది.

ఐదో అడుగు: రక్తం ఇచ్చే రోజు

పరగడుపున ఉండాల్సిన పనిలేదు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ లాంటి మాత్రలు ఆపక్కర్లేదు. చర్మాన్ని సూదితో గుచ్చి చూసే ప్రిక్ టెస్టుకు మాత్రం వాటిని 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి. మాత్ర ఆపలేనివాళ్లకు, ఒళ్లంతా ఎగ్జిమా ఉన్నవాళ్లకు, ప్రిక్ టెస్టు ప్రమాదమనిపించేంత తీవ్రమైన రియాక్షన్ వచ్చినవాళ్లకు రక్త పరీక్ష మంచి దారి. ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటుంటే తప్పక చెప్పాలి, అది మొత్తం ఐజీఈ అంకెను మార్చేస్తుంది.

ఐజీఈకి ఎర్ర మూత లేదా పసుపు మూత ట్యూబులో 3 నుంచి 5 ఎంఎల్ రక్తం చాలు, పసిపిల్లలకు అంతకన్నా తక్కువైనా సరిపోతుంది. సీబీపీకి ఊదా మూత ట్యూబు. ఎర్ర ట్యూబును అరగంట నిలబెట్టి గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరం వేరు చేసి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో పంపాలి. ఐజీఈ గట్టిదే, ఒక రోజు బైటుంటే పాడవదు. కానీ మే నెలలో సీరం వేరు చేయకుండా రక్తాన్నే బైక్ పెట్టెలో వేసి పంపితే కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది, ల్యాబు తిప్పి పంపుతుంది. "సీరం ఇక్కడే వేరు చేస్తారా?" అని అడగడంలో తప్పు లేదు.

ఆరో అడుగు: రిపోర్టు చదవడం

ఫలితం కేయూఏ/లీటర్ అనే కొలమానంలో ఉంటుంది. 0.35 లోపు క్లాస్ 0, 0.35 నుంచి 0.70 క్లాస్ 1, 3.5 దాకా క్లాస్ 2, 17.5 దాకా క్లాస్ 3. 50 దాకా క్లాస్ 4. 100 దాకా క్లాస్ 5. ఆపైన క్లాస్ 6. ఇప్పటి యంత్రాలు 0.10 దాకా పట్టుకుంటాయి. అంకె పెరిగేకొద్దీ నిజమైన అలర్జీ అయ్యే అవకాశం పెరుగుతుంది, రియాక్షన్ ఎంత తీవ్రంగా వస్తుందో మాత్రం అంకె చెప్పదు. క్లాస్ 2తో ఊపిరాడనివాళ్లుంటారు, క్లాస్ 4తో హాయిగా తినేవాళ్లుంటారు.

పల్లీకి 14, ఆవుపాలకు 15, గుడ్డుకు 7 దాటితే 95 శాతం నిజమైన అలర్జీ అన్న లెక్కలు అమెరికా పిల్లల మీద చేసిన అధ్యయనాలవి. మన పిల్లలకు వాటిని గీతగా పెట్టుకోకూడదు, దిక్కుగా మాత్రమే చూడాలి.

ఎక్కువగా మోసపోయేది ఇక్కడే: ఒకదానికి తయారైన ఐజీఈ పోలిక ఉన్న ఇంకోదాన్ని కూడా పట్టుకుంటుంది. రొయ్యలో ఉండే ట్రోపోమయోసిన్‌ను పోలిన ప్రొటీనే దుమ్ము పురుగుల్లో, బొద్దింకల్లో ఉంటుంది. పుట్టి బుద్ధెరిగి రొయ్య ముట్టని శాకాహారికి కూడా రొయ్య పాజిటివ్ వస్తుంది, కారణం అతని పరుపులో ఉంటుంది. గడ్డి పుప్పొడి పడనివాళ్లకు గోధుమ, బియ్యం పాజిటివ్ వస్తాయి, రోజూ అన్నం, చపాతీ తింటూనే ఉంటారు. మొక్కల ప్రొటీన్ల మీద ఉండే చక్కెర గొలుసులను గుర్తించే ఐజీఈ ఉంటే మొక్కలకు సంబంధించినవన్నీ కొద్దికొద్దిగా పాజిటివ్ అవుతాయి. పది పన్నెండు వరసగా క్లాస్ 1, 2 కనిపిస్తే ఈ చక్కెర గొలుసుల ఐజీఈని పట్టే సీసీడీ మార్కర్ పరీక్ష చేస్తారా అని అడగండి. మొత్తం ఐజీఈ వేలల్లో ఉన్నప్పుడూ ఇలాంటి చిన్న పాజిటివ్‌లు చాలా వస్తాయి.

ఏ బాధా లేకుండా తింటున్నదాన్ని రిపోర్టు చూసి మాన్పించకండి. ఇది పిల్లల విషయంలో మరీ ముఖ్యం. ఎగ్జిమా ఉన్న పిల్ల రోజూ తాగే పాలను నెలల తరబడి ఆపేస్తే, తిరిగి మొదలుపెట్టిన రోజు తీవ్రమైన రియాక్షన్ వచ్చే ప్రమాదం ఉంది.

సందేహం మిగిలితే, పదార్థంలోని ఒక్కో ప్రొటీన్‌కు విడిగా చేసే కాంపొనెంట్ పరీక్షలు ఉన్నాయి. పల్లీలోని అరా హెచ్ 2 అనే ప్రొటీన్‌కు ఐజీఈ ఉంటే నిజమైన అలర్జీకి బలం. గుడ్డులో ఓవోమ్యూకాయిడ్, పాలలో కేసిన్ వేడికి చెడవు, వీటికి ఐజీఈ ఎక్కువుంటే బాగా ఉడికించినా పడకపోవచ్చు. గోధుమలో ఒమేగా-5 గ్లయడిన్ ప్రత్యేకం: చపాతీలు తిని వెంటనే పొలం పనికో నడకకో వెళ్లినప్పుడు మాత్రమే దద్దుర్లు లేచి కళ్లు తిరిగే మనిషికి మామూలు గోధుమ పరీక్ష నెగెటివ్ రావచ్చు, ఇది పట్టుకుంటుంది.

ఏడో అడుగు: రిపోర్టు తర్వాత

లక్షణాలు, రిపోర్టు రెండూ ఒకే పదార్థాన్ని చూపిస్తే అది మానేయండి. రెండూ కలవకపోతే డాక్టర్ చెప్పిన ఒక్క పదార్థాన్ని 2 నుంచి 4 వారాలు ఆపి, తేడా చూసి, తిరిగి కొద్దికొద్దిగా ఇచ్చి చూస్తారు. గతంలో ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం జరిగి ఉంటే ఈ తిరిగి ఇవ్వడం ఆసుపత్రిలోనే జరగాలి, ఇంట్లో చేయకూడదు.

దుమ్ము పురుగులైతే దిండు, పరుపులకు జిప్ ఉన్న దట్టమైన కవర్లు, వారానికోసారి దుప్పట్లను 55 నుంచి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకడం, చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవడం. సర్కారు తుమ్మ పుప్పొడికి మన పెరట్లో చెట్టు కొట్టేస్తే సరిపోదు, గాలికి దూరం నుంచి వస్తుంది. అక్కడ మందులు, అవసరమైతే ఇమ్యునోథెరపీ (అలర్జెన్‌నే కొద్దికొద్దిగా ఇస్తూ ఒంటికి అలవాటు చేయడం). ఇమ్యునోథెరపీ 3 నుంచి 5 ఏళ్ల వ్యవహారం కాబట్టి, దానికి ఆధారమైన రిపోర్టు పట్టీ ప్యానెల్ కాకుండా అంకెల్లో వచ్చినదై ఉండాలి.

తీవ్రమైన రియాక్షన్ వస్తే పరీక్షల ఆలోచన తర్వాత, ముందు 108. మందు అడ్రినలిన్: కిలోకు 0.01 మి.గ్రా., పెద్దలకు ఒకసారికి 0.5 మి.గ్రా. మించకుండా, తొడ బయటి వైపు కండరంలోకి. సెట్రిజిన్ గానీ స్టెరాయిడ్ సూది గానీ దానికి బదులు కావు. ఆసుపత్రికి చేరి మనిషి కుదుటపడుతున్నప్పుడు, రియాక్షన్ మొదలైన 1 నుంచి 4 గంటల లోపు ట్రిప్టేజ్‌కు (అలర్జీ కణాలు వదిలే ఎంజైమ్) రక్తం తీసి పెట్టమని అడగండి, 24 గంటలు దాటాక మళ్లీ ఒకసారి. మొదటి అంకె, రెండో అంకెకు 1.2 రెట్లు కట్టి 2 కలిపినదాని కన్నా ఎక్కువుంటే జరిగింది అనాఫిలాక్సిస్, అంటే ఒళ్లంతా వచ్చే ప్రాణాంతక అలర్జీ, అని గట్టి రుజువు. ఉదాహరణకు మామూలు రోజు 5 అయితే, రియాక్షన్ వేళ 8 దాటాలి. కల్లుతో పడిపోయాడా, పాము ముట్టిందా, కందిరీగ కుట్టిందా అన్న తగవులో జరిగింది అలర్జీయేనా అన్నది తేల్చడానికి ఇది సాయపడుతుంది.

పాలు, గుడ్డు అలర్జీ ఉన్న చిన్నపిల్లలకు ఏడాదికోసారి స్పెసిఫిక్ ఐజీఈ మళ్లీ చేయిస్తారు, చాలామందికి పెరిగేకొద్దీ తగ్గుతుంది. అంకె దిగుతూ వస్తే తిరిగి తినిపించి చూసే రోజు దగ్గరపడుతున్నట్టు. పల్లీ, చేప, రొయ్య అలర్జీలు అంత తేలిగ్గా పోవు. పెద్దవాళ్లలో లక్షణం మారనప్పుడు అదే ప్యానెల్ మళ్లీ చేయించాల్సిన పనిలేదు. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో, తేదీ వరసలో, నోట్‌బుక్‌తో కలిపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి; ఏ ల్యాబు, ఏ పద్ధతి అన్నది ప్రతిదాని మీదా ఉందో లేదో చూసుకోండి, వేర్వేరు పద్ధతుల్లో వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.